కాలువల నేరం పెన్సిల్‌ది కాదు

ఈమధ్య ఒక కాలేజీలో సైన్స్ ఉపన్యాసం ఉందంటే వెళ్లాను. వక్త మంచి మాటకారి. అంగారకుడి మీద కాలువల కథ ఎత్తుకుని పిల్లల్ని కదలనివ్వలేదు. 1877లో ఇటలీలో స్కియాపరెల్లి అనే ఖగోళశాస్త్రజ్ఞుడు ఆ గ్రహం మీద గీతలు గీశాడు, అమెరికాలో లోవెల్ అనే ఇంకో ఖగోళశాస్త్రజ్ఞుడు అవి అక్కడి జీవులు తవ్వుకున్న కాలువలన్నాడు, 1965లో మారినర్ 4 అనే అంతరిక్ష నౌక వెళ్లి ఇరవై చిల్లర ఫొటోలు పంపేసరికి గుంతలు తప్ప కాలువల జాడే లేదని తేలింది. "కాబట్టి కంటిని నమ్మకండి, చేతిని అసలే నమ్మకండి, కెమెరాని నమ్మండి" అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాదకి నేనూ కొట్టాను గానీ ఆ మాట మింగుడు పడలేదు.

నేను అంగారకుడి బొమ్మలు గీస్తాను. తెనాలిలో మా పెరట్లో, జామచెట్టుకీ ప్రహరీకీ మధ్య ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోపు) పెట్టుకుని, అట్టకి కాగితం బిగించి, 2బి పెన్సిల్‌తో. ఎవరికీ ఉపయోగం లేని పని అంటే ఒప్పుకుంటాను. అబద్ధాలు పుట్టించే పని అంటే మాత్రం ఒప్పుకోను. కాలువల్ని పుట్టించింది పెన్సిలే, కాదనను. కానీ మారినర్ వెళ్లడానికి యాభై ఏళ్ల ముందే వాటి పునాదులు కదిలించింది కూడా పెన్సిలే. ఆ సంగతి ఆ సభలో ఎవరూ ఎత్తలేదు.

కెమెరా సాక్ష్యం

1905లో లోవెల్ అబ్జర్వేటరీలో లాంప్‌లండ్ అనే ఆయన అంగారకుడికి ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. ఫొటో ప్లేటు మీద గ్రహం కొన్ని మిల్లీమీటర్లకి మించదు, పైగా మన వాతావరణం అది నిలకడగా ఉండనివ్వదు. ఆ ఫొటోలు చూసి లోవెల్, కాలువలు ఫొటోలో పడ్డాయి, ఇక అనుమానం అక్కర్లేదు అని ప్రకటించాడు. 1907లో లండన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ లాంప్‌లండ్‌కి పతకం ఇచ్చింది. అంత చిన్న బొమ్మలో అంత సన్నని గీతలు అచ్చులో సరిగా దిగవు కాబట్టి, నమ్మేవాడికి గీతలు కనిపించాయి, నమ్మనివాడికి మసక కనిపించింది. అంటే కాలువల కేసులో కెమెరా కూడా లోవెల్ తరఫునే సాక్ష్యం చెప్పిందన్నమాట. మన వక్త ఈ ముక్క వదిలేశాడు.

ఇప్పటి కెమెరాల మాటా చెప్పుకోవాలి. టెలిస్కోపుకి చిన్న కెమెరా తగిలించి నిమిషాల కొద్దీ వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లోంచి నిలకడగా వచ్చినవి సాఫ్ట్‌వేర్ ఏరుతుంది, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుతుంది. అప్పటికీ మసగ్గా ఉన్న బొమ్మని షార్ప్ చేస్తారు. ఫలితం అద్భుతంగా ఉంటుంది, నాకేం అసూయ లేదు (కొంచెం ఉంది). కానీ అంగారకుడి వెలుగు అంచుకి కాస్త లోపలగా నల్లటి వంపుగీత ఒకటి ఆ ఫొటోల్లో తరచూ వస్తుంది. ఎడ్జ్ రిండ్ అంటారు. గ్రహం మీద అలాంటిదేమీ లేదు. టెలిస్కోపు ఆప్టిక్స్‌లో పుట్టి, షార్ప్ చేయగా చేయగా పైకి తేలేది అది. నాకు తెలిసిన ఒక కుర్రాడు తన ఫొటోలో ఆ గీతని చూపించి, "సార్, ఇది పొగమంచు అంచు అయ్యుంటుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న లోవెల్ అడిగిన ప్రశ్నే. చేతిలో పరికరం మారిందంతే.

ఒకే ఏడాది, ఇద్దరు మనుషులు

స్కియాపరెల్లి గీతలు గీసిన అదే 1877లో నథానియల్ గ్రీన్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు మదీరా దీవికి టెలిస్కోపు మోసుకెళ్లి అదే గ్రహాన్ని గీశాడు. ఆయన వృత్తి మనుషుల బొమ్మలు వేయడం. చెంప ఎక్కడ ముగిసి నీడ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పలేమని ఆ వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆయన గీసిన అంగారకుడంతా మెత్తని నీడలే, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయే మరకలే. స్కియాపరెల్లి చదివింది ఇంజనీరింగు, అందులోనూ నీటిపారుదలకి సంబంధించిన విద్య. ఆయన పటాలు ఇంజనీరు పటాల్లాగే స్పష్టంగా, హద్దులు తీర్చినట్టు ఉంటాయి. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది పెన్సిలే. దాన్నే తప్పు పడితే గ్రీన్ ఎందుకు కాలువలు గీయలేదో చెప్పాలి కదా.

లోవెల్‌ని చూసి నవ్వేవాళ్లని చూస్తే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఎండిపోతున్న గ్రహం, ధ్రువాల దగ్గర కరిగే మంచు, ఆ నీళ్లని మెట్టభూములకి పారించే పొడవాటి కాలువలు అన్నది ఆయన ఊహ. మా ఊళ్లోంచే మూడు కాలువలు పోతాయి. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి తిన్నగా సాగిపోయే నీటి గీత కనిపిస్తే అది మనిషి తవ్వినదే. ఆ ఊహలో పిచ్చితనమేమీ నాకు కనిపించదు. చిక్కంతా ఊహ ముందొచ్చి బొమ్మ తర్వాత రావడంలో ఉంది.

దీన్ని పరీక్షగా చేసి చూపించింది మాండర్. గ్రీనిచ్ అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. 1903లో ఇవాన్స్ అనే మాస్టారితో కలిసి అక్కడి రాయల్ హాస్పిటల్ స్కూల్ పిల్లల ముందు అంగారకుడి లాంటి గుండ్రటి బొమ్మ పెట్టి, చూసింది చూసినట్టు గీయమన్నాడు. ఆ బొమ్మలో చుక్కలూ, వంకర టింకర మరకలూ ఉన్నాయి, తిన్నటి గీతలు లేవు. దగ్గర బెంచీల పిల్లలకి ఉన్నది ఉన్నట్టు కనిపించింది. బాగా వెనకున్న పిల్లలకి ఏమీ కనిపించలేదు. మధ్యలో కూర్చున్న పిల్లల్లో చాలామంది గీతలు గీశారు. కంటికి అందీ అందని దూరంలో చుక్కల్ని కలిపేసుకోవడం మెదడు అలవాటు. ఆ పిల్లలు ఎవరినీ మోసం చేయలేదు. లోవెల్ కూడా చేయలేదు.

ఇక ఆంటోనియాది అనే ఖగోళశాస్త్రజ్ఞుడు. ఈయన కథే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎందుకంటే ఒకప్పుడు ఈయన కూడా కాలువలు గీసినవాడే. 1909 సెప్టెంబర్ 20 రాత్రి పారిస్ దగ్గర మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల పెద్ద టెలిస్కోపుకి కన్ను పెట్టాడు. గాలి అరుదుగా దొరికేంత నిలకడగా ఉంది. గీతలున్నచోట చిన్న చిన్న మరకలు, గళ్లు, ముద్దలు. లెక్కలేనన్ని. చూడటం కష్టం కాలేదనీ, చూసింది సరిగ్గా కాగితం మీద పెట్టడమే కష్టమైందనీ, బొమ్మలు వేసిన అనుభవమే అక్కడ అక్కరకొచ్చిందనీ ఆయన లోవెల్‌కి రాశాడు. లోవెల్ ఒప్పుకోలేదు. కానీ ఖగోళశాస్త్రజ్ఞుల్లో చాలామందికి ఆ బొమ్మలు చాలాయి. రాకెట్ లేదు, అంతరిక్ష నౌక లేదు. ఒక మనిషి, కన్ను, పెన్సిల్, మంచి గాలి.

భోగి రాత్రి

2025 జనవరిలో అంగారకుడు సరిగ్గా పండక్కి వచ్చాడు. భోగికి ముందురోజు, 12వ తేదీన భూమికి దగ్గరగా, 9.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో. 16న సూర్యుడికి ఎదురుగా, అంటే భూమికి ఒకవైపు సూర్యుడు, సరిగ్గా రెండోవైపు అంగారకుడు. భోగి నాటి రాత్రి పున్నమి చంద్రుడు పక్కనే ఉన్నాడు. చాలామంది వెన్నెల ఉంటే టెలిస్కోపు తీయరు. అంగారకుడికి ఆ పట్టింపు అక్కర్లేదు. వెన్నెలైనా, వీధిలైటైనా ఆయనకి లెక్కలేదు. అసలు శత్రువు వేడి. పగలంతా ఎండకి కాగిన డాబా రాత్రి పది దాటినా ఆవిరి వదులుతూ ఉంటుంది, ఆ గాలిలోంచి చూస్తే గ్రహం ఉడుకుతున్నట్టు ఉంటుంది. నేను డాబా దిగి పెరట్లోకి మారింది అందుకే. ఎదురింటి ఏసీ బయటి యూనిట్ మీద కూడా నాకు ఒక అభిప్రాయం ఉంది, ఇక్కడ వద్దు.

ఇంటినిండా చుట్టాలు. ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్తున్నారు. మా పెద్దమ్మ "కుజదోషం ఉన్నవాళ్లు చూడచ్చంటావా?" అని అడిగింది. చూడచ్చన్నాను. చూసి, "ఇంతేనా" అంది. ఆ మాట అందరూ అంటారు. ఆ రాత్రి అంగారకుడి బింబం 14.6 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). 200 రెట్లు పెంచితే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనిపించే దానికన్నా ఒకటిన్నర రెట్లు పెద్దది. అయినా ఎవరికీ బఠాణీ గింజకన్నా పెద్దదిగా అనిపించదు. మోటారు లేని టెలిస్కోపు కాబట్టి నిమిషంలోపే గ్రహం అవతలికి జారిపోతుంది, వేలితో గొట్టాన్ని నెట్టుకుంటూ ఉండాలి. ఆ కంగార్లో ఏం చూస్తారు, నారింజరంగు ముద్ద తప్ప.

మా మేనల్లుడు ఎనిమిదో క్లాసు. వాడూ "ఏం లేదు మావయ్యా, ఆరెంజ్ బాల్" అన్నాడు. వాడి చేతికి అట్టా పెన్సిలూ ఇచ్చాను. కాగితం మీద 50 మిల్లీమీటర్ల వృత్తం ముందే ముద్రించి ఉంటుంది. బ్రిటిష్ ఖగోళ సంఘంలోని అంగారక విభాగం వాడే కొలత అది. ఏం కనిపించిందో గీయి, కనిపించకపోతే ఖాళీగా వదిలెయ్యి అన్నాను. విసుక్కుంటూ కూర్చున్నాడు. కాసేపటికి "కింద తెల్లగా చుక్కుంది" అన్నాడు. ఇంకాసేపటికి "దాని చుట్టూ నల్లగా ఉంది" అన్నాడు. తర్వాత పైన అడ్డంగా ఒక పట్టీ గీశాడు. మధ్యలో ఏమీ గీయలేదు. "మధ్యలో?" అని అడిగాను. "ఏమన్నా ఉంటే గదా" అన్నాడు. నా టెలిస్కోపులో దక్షిణం పైకి వస్తుంది. కాబట్టి వాడి తెల్లచుక్క ఉత్తర ధ్రువపు మంచు, పైపట్టీ మేర్ సిమ్మేరియం అనే నల్లటి ప్రాంతం. ఈ పేర్లు వాడికి ఇప్పటికీ తెలియవు.

అదే రాత్రి, దాదాపు అదే సమయానికి హైదరాబాద్‌లో నా మిత్రుడు ఒకాయన కూడా గీశాడు. మర్నాడు బొమ్మలు ఒకరికొకరం పంపుకున్నాం. నా బొమ్మా మావాడి బొమ్మా తోబుట్టువుల్లా ఉన్నాయి. ఆయన బొమ్మలో మాత్రం మధ్యలో సిర్టిస్ మేజర్ ఉంది. ముక్కోణంలా కిందికి దిగే పెద్ద నల్లమరక, అంగారకుడి మీద ఎవరైనా గుర్తుపట్టేది అదొక్కటే. 1659లో హైగెన్స్ గీసిన బొమ్మలో ఉన్నది కూడా అదే. చాలా బాగా గీశాడు. సమస్యల్లా ఒకటే, ఆ సమయానికి అది అక్కడ లేదు.

కారణం పట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయన గీయబోయే ముందు ఏ ముఖం మనవైపు ఉందో ఫోన్‌లో యాప్ తెరిచి చూసుకున్నాడు. యాప్‌లో టైమ్ గ్రీనిచ్ లెక్కలో ఉంది. తొమ్మిదింటికి మన తొమ్మిది వేయాల్సిన చోట గ్రీనిచ్ తొమ్మిది పడింది. అయిదున్నర గంటల తేడా. అంగారకుడు గంటకి పద్నాలుగున్నర డిగ్రీల చొప్పున తిరుగుతాడు, అంటే 80 డిగ్రీల తేడా. సిర్టిస్ మేజర్ అప్పటికి అంచు దగ్గరే ఉంది, నడిమధ్యకి రావాలంటే రాత్రి రెండు దాటాలి. నేను రెండున్నర వరకూ మేలుకుని చూశాను, వచ్చింది.

ఫోన్‌లో ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "నేను చూశానండీ. యాప్‌లో చూసి ఎక్కించలేదు. కళ్లారా చూశాను." నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. ఏళ్ల తరబడి గీస్తున్న మనిషి, నిక్కచ్చి మనిషి. మేర్ సిమ్మేరియం తాలూకు మసకలో ఆయన మెదడు తను ఎదురుచూస్తున్న ఆకారాన్ని కట్టుకుంది. మావాడికి ఎదురుచూపు లేదు, కాబట్టి మధ్యలో ఖాళీ వదిలాడు.

తెలియకుండా చూడగలమా

ఇక్కడ నా వాదనకే ఒక చిక్కుంది. మావాడికి ఏమీ తెలియదు కాబట్టి నిజం గీశాడు అంటున్నాను. అయితే ఏమీ తెలియనివాళ్లే మంచి పరిశీలకులా? అప్పుడు మా పెద్దమ్మ అందరికన్నా గొప్ప పరిశీలకురాలవ్వాలి. ఆవిడ బఠాణీ చూసి వెళ్లిపోయింది. మావాడికి పెన్సిల్ ఇవ్వకపోతే వాడూ ఆరెంజ్ బాల్ దగ్గరే ఆగేవాడు. చూడటం నేర్చుకోవాల్సిందే, నేర్చుకోవడం అంటే ఎక్కడ ఏముంటుందో తెలుసుకోవడమే. ఏళ్ల తరబడి గీసినవాడికి పటం కంఠతా వచ్చేస్తుంది, వద్దన్నా వచ్చేస్తుంది.

గీయడానికి ముందు యాప్ తెరవకూడదు అని నాకొక నియమం ఉంది. అదైనా పూర్తిగా పనిచేయదు. అంగారకుడి రోజు మన రోజు కన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ. అందుకని నిన్న తొమ్మిదింటికి నడిమధ్యన ఉన్న మరక ఇవాళ తొమ్మిదిన్నర దాటాక అక్కడికి వస్తుంది. రోజూ ఒకే వేళకి చూస్తే గ్రహం వెనక్కి మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించి, అయిదారు వారాల్లో మొత్తం ముఖం పూర్తవుతుంది. నిన్న చూసినవాడికి ఇవాళ ఏం వస్తుందో తెలియకుండా ఎలా ఉంటుంది? యాప్ మూసేయగలను గానీ నిన్నటి రాత్రిని మూసేయలేను.

కాబట్టి నా నమ్మకం అమాయకత్వం మీద కాదు, బొమ్మ పక్కన రాసే రాతల మీద. మొదట ధ్రువపు మంచు, తర్వాత పెద్ద మరకల హద్దులు. ఇవి పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, లేకపోతే గ్రహం తిరిగిపోయి రెండు వేర్వేరు ముఖాలు ఒకే బొమ్మలో కలిసిపోతాయి. ఆ క్షణానికి టైమ్ వేస్తాను. గాలి ఎలా ఉందో రాస్తాను. ఖాయంగా, మళ్లీ మళ్లీ కనిపించినవి గట్టిగా. ఒక్కసారి మెరిసి పోయినవి చుక్కలగీతతో, పక్కన ప్రశ్నార్థకంతో. ఏ మరక ఎంత నలుపో సున్నా నుంచి పది వరకూ అంకెలు వేస్తాను. ఇందులో ఒక తమాషా ఉంది, బ్రిటన్ వాళ్లకి పది అంటే నలుపు, అమెరికా వాళ్లకి పది అంటే తెలుపు, కాబట్టి ఎవరి లెక్కో కూడా రాసుకోవాలి. ఎర్ర ఫిల్టర్ పెట్టి మరకలు, నీలం ఫిల్టర్ పెట్టి మబ్బులు. తర్వాతే యాప్. యాప్ చూశాక బొమ్మ మీద పెన్సిల్ పెట్టకూడదు.

నా మిత్రుడి బొమ్మ వెనకాల కూడా ఇవన్నీ ఉన్నాయి. టైమ్ ఉంది, గాలి ఉంది. టైమ్ రాశాడు కాబట్టే పొరపాటు దొరికింది. అది రాయకపోతే ఆ బొమ్మ ఎంతో అందమైన సిర్టిస్ మేజర్‌గా ఆయన ఫైల్లో శాశ్వతంగా ఉండిపోయేది.

కెమెరావాళ్లకి నేనిచ్చేది

కెమెరా పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది, దాచడం న్యాయం కాదు. 2012 మార్చిలో అంగారకుడి అంచున 200 కిలోమీటర్లకి పైగా ఎత్తుకు లేచిన వింత మబ్బును మొదట పట్టింది అమెచ్యూర్ల ఫొటోలే. 2015లో దాని మీద నేచర్ పత్రికలో పరిశోధనా వ్యాసం వచ్చింది. ఎక్కడ ధూళి లేస్తోందో రోజువారీగా చూపించేది ఇవాళ ప్రపంచం నలుమూలల్లో ఉన్న కెమెరావాళ్లే. నా బొమ్మ ఆ పనికి రాదు. మన మంగళయాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి, మరుసటి ఏడాది సెప్టెంబర్ 24న అక్కడికి చేరి ఫొటోలు పంపింది. దాని ముందు జామచెట్టు కింద నా టెలిస్కోపు ఎంత. సైన్స్ కోసం గీస్తున్నానని చెప్పుకుంటే అది గొప్పలు పోవడమే.

కానీ "ఏమీ కనిపించలేదు" అన్న మాట కాగితం మీద ఉంచగలిగే గుణం బొమ్మకి ఉంది. 2018లో అంగారకుడు 5.76 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చాడు, 2003 తర్వాత అంత దగ్గరికి రావడం అదే. 24 ఆర్క్ సెకన్లు దాటిన బింబం. అందరూ ఆశగా ఎదురుచూశారు. మే చివర్లో మొదలైన ధూళి తుఫాను జూన్ నెలాఖరుకల్లా గ్రహమంతా కమ్మేసింది. అంగారకుడి నేల మీద తిరిగే ఆపర్చునిటీ రోవర్ జూన్ 10న పంపిన సందేశమే దాని చివరిది. జులైలో వానల మధ్య దొరికిన తెరిపిలో చూస్తే ఏ గుర్తూ లేని పసుపు బిళ్ల. మా మిత్రుల్లో కొందరు ఆ రాత్రుల్లో టెలిస్కోపు ఎత్తి లోపల పెట్టేశారు. నేను గీసిన కాగితాలు దాదాపు ఖాళీగా ఉన్నాయి, అంచున కాస్త నీడ, టైమ్, గాలి. నా ఫైల్లో నాకు బాగా నచ్చిన బొమ్మలు అవే. అక్కడ ఏముండాలో నాకు కంఠతా తెలిసి కూడా గీయనివి.

వానల సంగతి వచ్చింది కాబట్టి మనవాళ్ల కోసం ఇంకో మాట. అంగారకుడు బాగా దగ్గరికి వచ్చే ఏడాదులన్నీ మనకి జులై, ఆగస్టు, సెప్టెంబర్లలోనే పడతాయి. అతని కక్ష్య అలా ఉంది, ఎవరినీ అనలేం. 2035 సెప్టెంబర్‌లో మళ్లీ పెద్ద బింబం వస్తుంది, మనకి మళ్లీ మబ్బే. దూరంగా ఉండే చిన్న అంగారకుడు మాత్రం చలికాలంలో, తేటగా ఉన్న ఆకాశంలో, ఉత్తరంగా వస్తాడు. 2025లో అర్ధరాత్రి దాటేసరికి మా నడినెత్తికి దగ్గరగా వచ్చాడు. యూరప్‌లో ఉన్నవాళ్లకి ఆ సుఖం లేదు. నెత్తిమీద ఉంటే గాలిపొర పల్చన. డాబ్సోనియన్ గొట్టాన్ని మాత్రం సరిగ్గా నెత్తిమీదికి తిప్పడం నరకం, మెడ పట్టేస్తుంది, అది వేరే సంగతి. ఈసారి సూర్యుడికి ఎదురుగా వచ్చేది 2027 ఫిబ్రవరి 19న, బింబం 13.8 ఆర్క్ సెకన్లే. చిన్నదని కొట్టిపారేసే వ్యాసాలు అప్పుడే వస్తున్నాయి. మనకి అదే మంచి అంగారకుడు.

దానికోసం హైదరాబాద్ మిత్రుడూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం, దాదాపుగా. ఇద్దరం ఒకే వేళకి గీయాలి. గీసిన కాగితాన్ని టైమ్‌తో సహా ఫోన్‌లో ఫొటో తీసి మూడో మనిషికి పంపాలి. ఆ తర్వాతే యాప్ తెరవాలి. ఇంతవరకూ ఆయన ఒప్పుకున్నాడు. అయితే ఆయనా ఒక షరతు పెట్టాడు, రబ్బరు ఇంట్లో వదిలేసి గీయాలట. తుడిచే అవకాశం ఉంటే నువ్వూ నిజాన్ని దిద్దుతావు అంటాడు. అది నా వల్ల కాదన్నాను. నేను ముందు బింబమంతా పెన్సిల్ పొడితో లేతగా రుద్ది, మూలకి కోసిన రబ్బరు ముక్కతో ధ్రువపు మంచుని తెల్లగా తీస్తాను. రబ్బరు లేకపోతే నాకు ధ్రువమే లేదు. మంచుకి తప్ప ఇంకెక్కడా వాడనని మాటిచ్చాను. "ఆ మాట లోవెల్ కూడా ఇచ్చేవాడండీ" అన్నాడు. బేరం ఇంకా తెగలేదు.